ఎర్రదారం కోళ్ళు

అత్తగారితో వచ్చిన చిక్కేమిటంటే, ఆవిడ పుట్టి బుద్ధెరిగాక ఒక్క తప్పూ చెయ్యలేదు. కావాలంటే ఆవిణ్ణే అడగండి.

ఆస్పత్రిలో పడ్డా అదే ధోరణి. అంటుకుంటుందని ఆవిణ్ణి విడిగా ఓ గదిలో పెట్టారు. కిటికీ తెరవకూడదు, మాస్కు తియ్యకూడదు. ప్లాస్టిక్ గౌనులో ఉడికిపోతూ కోడలు మంచం పక్కన కూర్చుంది.

కోళ్ళగూడు కడుగుతుంటే అత్తగారి చేతికి తీగ గీసుకుంది, అంతే. వారం తిరక్కుండా చెయ్యి మోచేతిదాకా వాచింది. రెండు మందులు మార్చారు. వాపు దేనికీ లొంగలేదు.

"ఇది మొండి క్రిమి," అంది డాక్టరమ్మ. "రోజూ మందులు తాగించి పెంచే కోళ్ళలో ఉంటుంది, ఆ మందులకిక లొంగదు. మీ అబ్బాయి కోళ్ళ షెడ్డులోకి వెళ్తుంటారా?"

"ఆ ఛాయలకే పోను!" జ్వరంలోనూ అత్తగారి గొంతు తగ్గలేదు. "మావాడు రోగం రాకముందే ట్యాంకులో మందు కలిపేస్తాడు. ఆ గుడ్డు నేను ముట్టను. నాకు వేరే గూడు, ఆరు కోళ్ళు. గుర్తుకి కాళ్ళకి ఎర్రదారాలు. మందుచుక్క ఎరగవు. నాలుగేళ్ళయింది, ఒక్కటి తుమ్మిన పాపాన పోలేదు! వాటిని చూసి బుద్ధి తెచ్చుకోరా అని మావాడికి రోజూ చెప్తాను."

కోడలికి ఈ ఉపన్యాసం కంఠతా వచ్చు. తల వంచుకుని గ్లవ్సు సర్దుకుంది.

"రిపోర్టు ఎల్లుండిగ్గానీ రాదు. అప్పటిదాకా ఆగితే చెయ్యి దక్కదు, ఆపైన ప్రాణానికే ముప్పు," అంది డాక్టరమ్మ. "షెడ్డు కోళ్ళతో సంబంధం లేదంటున్నారు కాబట్టి ఇది పనిచెయ్యాలి." సీసా తీసి నర్సుకి పేరు చదివి వినిపించింది.

కోడలు చటుక్కున తలెత్తింది. రోజూ పొద్దున్నే షెడ్డు ట్యాంకు దగ్గర మొగుడు చింపే ప్యాకెట్ల మీద ఉండేది ఆ పేరే.

తలుపు వైపు చూసింది. మూసి ఉంది. అత్తగారి వైపు చూసింది. ఒక్క గుడ్డు పగిలిందని నెల్లాళ్ళు దెప్పిన మనిషి. నర్సు సిరంజిలోకి మందు లాగుతోంది.

"ఆగండి డాక్టర్! అది పనిచెయ్యదు."

"అబ్బో, నీకన్నీ తెలుసు మరి!" అంది అత్తగారు.

కోడలు మాస్కు కిందికి లాగి, ఊపిరి పీల్చుకుంది.

"తప్పు నాదే అత్తయ్యా... మీ ఆరు కోళ్ళూ మొదటి నెలలోనే చచ్చిపోయాయి, అప్పట్నించీ ఏది చచ్చినా మీరు లేవకముందే షెడ్డులోంచి ఇంకోటి తెచ్చి ఎర్రదారం కడుతున్నది నేనే."