స్పేర్ టైరు పరీక్ష

“నువ్వు చెయ్యి వెయ్యకు,” అంది తల్లి, ముందుకు వంగిన కొడుకుతో. “కొండదారిలో టైరు పంక్చరైతే అది నిన్ను కేకేసి పిలవదు కదా.”

కొడుకు వెనక్కి తగ్గాడు. అతని భార్య జీపు వెనక నిలబడి, నేల మీద పడివున్న టైరును ఎక్కడ పట్టుకోవాలో తెలియక దాని చుట్టూ తిరుగుతోంది. షరతు స్పష్టంగానే ఉంది. ఆ టైరును ఒంటరిగా వెనక తలుపు మీది స్టాండుకు బిగిస్తే, కొండ మీది శిబిరాలకు మందులూ సరుకులూ చేరవేసే రెండో జీపు ఇకనుంచి కోడలిది. బిగించలేకపోతే, మధ్యాహ్నం రాబోతున్న కొత్త డ్రైవరుది. కోడలు మళ్ళీ ఆఫీసు గదిలో ఫోను ముందు కూర్చుంటుంది.

రాళ్ళకు పాత టైర్లు ఆగడం లేదని రెండు జీపులకూ పెద్దవి వేయించినది, మొదటి జీపు నడిపే అత్తగారే. టైరు పెద్దదవడంతో బరువు పెరిగింది. ఆ బరువుకు తలుపు కుంగింది. కుంగిన తలుపుకు ఇనుప పట్టీలు వేసిన మెకానిక్కు, టైరు నేలకు రాసుకోకుండా స్టాండును ఇంకాస్త పైకి జరిపాడు. ఎవరి పని వారు సక్రమంగానే చేశారు. ఫలితంగా అంత బరువును తొడల ఎత్తుకు లేపవలసిన పని మాత్రం కోడలి నెత్తిన పడింది.

మొదటిసారి టైరును రెండు చేతులా వాటేసుకుని లేపింది. మోకాలిదాకా వచ్చి జారిపోయింది. రెండోసారి తొడమీద ఆనించుకుని పైకి తోయబోతే, ఒక పక్కకు ఒరిగి, ఆమెను కూలదోసి, ప్రహరీగోడ దాకా దొర్లిపోయింది.

“అది నాకంటే బరువుందమ్మా,” అన్నాడు కొడుకు, భార్య తరఫున వాదిస్తున్నట్టు.

“నీకంటే పనికొస్తుంది కూడా,” అంది తల్లి.

కోడలికి నవ్వు రాలేదు. గోడకు ఆనివున్న టైరు మీద కూర్చుని, చేతులకంటిన మట్టి దులుపుకుంటూ కాసేపు స్టాండు వైపే చూసింది. తరువాత లేచి, జీపెక్కి స్టార్టు చేసింది. కోపం వచ్చి ఎటో వెళ్ళిపోతోందనుకుని భర్త గేటువైపు రెండడుగులు వేశాడు.

జీపు గేటువైపు రాలేదు. వెనక్కి నడిచి, సరుకు దించే సిమెంటు గట్టుకు తలుపు దాదాపు తగిలేలా ఆగింది. కోడలు దిగి, తోపుడు బండ్ల కోసం కట్టిన ఏటవాలు మీదుగా టైరును గట్టు మీదికి దొర్లించుకుంటూ వెళ్ళింది. ఇప్పుడు టైరు నిలుచున్న చోటికీ స్టాండుకూ బెత్తెడు ఎత్తు తేడా కూడా లేదు. జీపులోంచి గడ్డపార తీసి టైరు కింద దూర్చి, రెండో కొసను కాలితో తొక్కింది. రంధ్రాలు బోల్టుల ఎదురుగా వచ్చాయి. టైరును లోపలికి నెట్టి నట్లు బిగించింది.

అత్తగారు దగ్గరికి వచ్చి ఒక్కొక్క నట్టునూ వేలితో తడిమి చూసింది. కొండ మీద నీకోసం సిమెంటు గట్టు ఎవరు కట్టి ఉంచారని అడిగింది.

“కొండంతా గట్లే కదా అత్తయ్యా. టైరును ఎత్తలేనప్పుడు బండినే దాని దగ్గరికి తెస్తాను.”

“పంక్చరైన బండి గట్టుదాకా ఎలా వస్తుంది?”

“స్పేర్ దించడానికి బలమేం అక్కర్లేదు, అదే కిందికొస్తుంది. దాన్ని చక్రానికి బిగించాక బండి నడుస్తుంది. వెనక ఎక్కించాల్సింది పంక్చరైనదాన్నే కదా.”

అత్తగారు ఆ లెక్కకు తలూపింది. జీపు కోడలిదేనని, కొత్త డ్రైవరుకు రావద్దని ఫోను చెయ్యమని కొడుకును పురమాయించింది. భార్యను చూసి నవ్వి, అతను ఆఫీసు గదిలోకి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. కోడలు గట్టు మీదే చతికిలబడింది. ఆమె ముఖం తేటపడింది.

గది తలుపు మూసుకునే దాకా అత్తగారు కదల్లేదు. మూసుకున్నాక వచ్చి కోడలి పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

“టైరు మళ్ళీ దించు. ఈసారి నెమ్మదిగా చేసి చూపించు.”

“ఏం అత్తయ్యా, సరిగ్గా బిగించలేదా?”

“బాగానే బిగించావు. నాకే చేతకాదు. వాడికి తెలిస్తే బండి మానిపిస్తాడని నోరు మూసుకున్నాను గానీ, ఈ పెద్ద టైర్లు వేయించినప్పటినుంచీ పంక్చర్ కాకూడదని దణ్ణాలు పెట్టుకుంటూనే కొండెక్కుతున్నాను.”