మొహిద్దీన్ అంగడి మందు

“తెచ్చినావా?” అని ఏసన్న అడిగాడు.

ఆదోనిలో పురుగుమందుల అంగడి నడిపే మొహిద్దీన్ సంచిలోంచి డబ్బా తీసి మంచం మీద పెట్టాడు. అది 1979 వేసవి. కడుపులో క్యాన్సర్ ముదిరిందని కర్నూలు డాక్టర్లు ఏసన్నను ఎమ్మిగనూరుకు తిప్పి పంపారు. నొప్పి ఓర్చుకోలేక, చిన్ననాటి స్నేహితుణ్ణి అతడు కోరింది ఇదొక్కటే.

“నీ చేత్తోనే పోసియ్యప్పా. నువ్వయితే మోసం చెయ్యవు.”

“నీళ్లు కలిపేదా?”

“వద్దు. మూడేండ్ల కింద నీ అంగడి మందులో కలిపే గదా చెడినా! పత్తంతా పురుగు తినిపాయె, ఆ దెబ్బకు చేనే పాయె. నీళ్లు ఎక్కువ కలిపినావని నువ్వే తిడితివి.”

మొహిద్దీన్ గ్లాసు నింపాడు. ఏసన్న ఒకసారి అతని చెయ్యి పట్టుకుని వదిలాడు. తాగి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారి ఏసన్న కళ్లు తెరిచాడు. మొహిద్దీన్ మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు.

“నేనింకా సావలేదేందప్పా?”

మొహిద్దీన్ ఏడుస్తూనే నవ్వాడు. “నిన్ను నేను సంపుకుంటానా? అది నకిలీ సరుకు. తెలిసే తెచ్చినా. దానికి చీమ గూడా సావదు.”

ఏసన్న డబ్బాను దగ్గరికి తీసుకున్నాడు. పత్తికి కొట్టిన డబ్బాల మీద కూడా ఇదే పాము బొమ్మ ఉండేది. దాన్ని చాలాసేపు చూశాడు.

“అయితే ఆ ఏడు నేను నీళ్లు సరిగ్గానే కలిపింటినప్పా” అన్నాడు.