ముప్పై సెంట్ల నేల

“వంగరా శాంతికుమార్! వంగి నాటు!”

గట్టు మీద నుంచి అప్పాజీ అరుస్తున్నాడు. శాంతికుమార్ వంగలేదు. అతని వెనక జయపాల్, పేటవాళ్ళంతా మోకాలి లోతు బురదలో నిటారుగా నిలబడ్డారు. నారు కట్టలు పక్కన పడి వాడిపోతున్నాయి.

“పిలిచారు, వచ్చామండి. పిలిస్తే రావాలి, అంతే ఉంది మంత్రంలో. వచ్చాక వంగాలని లేదు.”

“లా చదివావేంట్రా?”

“మీ చేలోనే చదివానండి.”

మంత్రాలు నిజమైపోయిన ఏడాది సముద్రం లేచి మొగల్తూరు దాటి నడిచొచ్చింది. వెళ్తూ వెళ్తూ సగం జనాన్ని పట్టుకుపోయింది. కరెంటు పోయింది. ఫోన్లు చేతుల్లోనే గవ్వలైపోయాయి. ట్రాక్టర్లు మడుల్లో వేళ్ళు దిగి చిగుళ్ళు వేశాయి. తణుకు వైపు చెరుకు తాడిచెట్లంత పెరిగి, నరకడానికి వెళ్ళినవాళ్ళని తిట్టి తరిమింది. లోకం ఇంతగా తల్లకిందులైంది కదా, ఇప్పుడైనా అందరూ సమానమవుతారని పేట ఆశపడింది. ఏం కాలేదు. ఎవరి చేను వాళ్ళకే ఉంది. కొత్తగా వచ్చింది పిలుపొక్కటే. మనిషి పేరూ తండ్రి పేరూ కలిపి కాలువ నీళ్ళ మీద పిలిస్తే, ఆ మనిషి లేచి రావలసిందే. రైతుల ఇళ్ళ నుంచి ఆ పిలుపుకి ఒక్కరూ రాలేదు. పేటవాళ్ళే వచ్చారు. ఎప్పుడూ వాళ్ళే కదా.

అప్పాజీ కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. వాళ్ళతో ఎప్పుడూ అలాగే మాట్లాడతాడు.

“మీ ఇళ్ళకి ధాన్యం పంపుతున్నానా లేదా? మీ పిల్లలు తింటున్నారా లేదా?”

“తింటున్నారండి, దణ్ణం. మేం అడిగింది అది కాదు. కాలువ పక్కన మా ముప్పై సెంట్లు.”

“అది చేపల చెరువు.”

“మీరు తవ్వించాక చెరువైందండి. పాస్టరుగారు మా తాతకి అక్కడే చోటు చూపించారు. మా నాన్నకీ అక్కడే. నాకూ అక్కడే ఇచ్చారు. మమ్మల్ని ఇటు పిలిచి, అటు తవ్వించేశారు.”

“నేల చేతికొస్తే మళ్ళీ నా చేలో దిగుతార్రా మీరు?”

“దిగమండి.”

“చూశావా! మరెలా ఇస్తాను?”

జయపాల్ నవ్వాడు. “మీవాళ్ళనే పిలుచుకోండి బాబూ. మీ నాన్నగారికి నాటు తెలుసుగా, గొడుగేసుకుని గట్టు మీంచి చూసేవారు.”

“మావాళ్ళు గోదాట్లో కలిసిపోయారు, రారని తెలిసే కూస్తున్నావురా!” అప్పాజీ మొహం ఎర్రబడింది. “బాగా వినండి. ఇవాళ కాకపోతే రేపు మీ ఆడవాళ్ళూ నా పిలుపుకి రావలసినవాళ్ళే.”

ఆ మాటకి శాంతికుమార్ తల తిప్పి చూశాడు. గట్టు చివర అతని పెళ్ళాం దీనమ్మ నిలబడి ఉంది. రోజూ వస్తుంది. దగ్గరికి రాదు, వెళ్ళిపోదు. అతను చేను అంచు దాకా నడిచాడు.

“పిల్ల ఎలా ఉందే?”

“నిన్ను చూస్తానంటోంది. ఒక్కసారి ఇంటికి రాకూడదా?”

“వద్దే. ఆ నేల దక్కితే చాలు, ఇంకేం అక్కర్లేదు నాకు.”

“మరి నేను?”

“నువ్వూ అక్కడికే వస్తావులే. తొందరేం లేదు.”

దీనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

శాంతికుమార్ వెనక్కి తిరిగాడు. “జయపాలూ, అందర్నీ తీసుకుని తూములో కూచోండ్రా.”

“చేను దాటితే కాళ్ళు కదలవురా.”

“తూము కూడా చేలోదే.”

నీళ్ళు బయటికి పోయే దారి అదొక్కటే. పేటవాళ్ళు ఒకరి మీద ఒకరు ఒరిగి దాన్ని మూసేశారు. కాలువ నిండుగా పారుతోంది. చేలోకి వచ్చిన నీరు పోయే దారి లేక పైకి లేచింది, నారుమడి మీదికి ఎక్కింది. మళ్ళీ నారు పోయడానికి ఊళ్ళో ఎవరి దగ్గరా విత్తనం లేదు.

“లాగెయ్యండ్రా వాళ్ళని!” అప్పాజీ పాలేళ్ళని తోశాడు. పాలేళ్ళు గట్టు దిగి, వాళ్ళని చూసి, మళ్ళీ గట్టెక్కారు. ఒక్కడూ చెయ్యి వెయ్యలేదు.

నీళ్ళు మెడల దాకా వచ్చాయి. ఎవరూ లేవలేదు. నారు కొసలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి.

“లేవండ్రా! సరే, ఆ ముప్పై సెంట్లు మీవే!”

“కాలువ నీళ్ళు దోసిట్లో పట్టి చెప్పండి.”

అలా చెప్పిన మాట తప్పితే నాలుక కొయ్యబారిపోతుంది. మంత్రాల కాలం పేదవాడికి చేసిన మేలు అదొక్కటే. అప్పాజీ వంగాడు. ఆ చేలో అతను వంగడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

“నేల మీదే. మీ పేర్లు నా నోట రావు.”

“మా ఆడవాళ్ళవి?”

“వాళ్ళవీ రావు. మీ పిల్లలవీ రావు. చాలా?”

“చాలండి.”

పేటవాళ్ళు తూము వదిలారు. చెరువుకి గండి కొట్టారు. చేపలు ఎగురుకుంటూ కాలువలో పడ్డాయి. అడుగున నల్లటి రేగడి తేలింది. ఎవరి చోటు వాళ్ళు గుర్తుపట్టి కొలుచుకుంటున్నారు. జయపాల్ పక్కవాడితో హద్దు గురించి దెబ్బలాడుతున్నాడు. ఇంతకాలానికి వాళ్ళలో హాయిగా నవ్వులు వినిపించాయి.

దీనమ్మ పార పట్టుకుని దిగింది. ఈసారి దగ్గరికి వచ్చింది.

“ఇదేనా నీ చోటు?”

“ఇదే.” పార అందుకుని అతనే తవ్వాడు. నడుం ఎత్తకుండా తవ్వాడు. ఇవాళ ఎవరూ వంగమనలేదు.

“ఇంకెవరూ పిలవరుగా?” అందామె.

“పిలవరే.”

శాంతికుమార్ పారని ఆమె చేతికిచ్చి గోతిలోకి దిగాడు.

“ఈసారి లోతుగా పాతిపెట్టవే.”