సర్వే మేడం

బస్సు పూతలపట్టు దాటింది. బరువు తూచే మిషను ఒళ్లో పెట్టుకుని, డాక్టర్ రంగనాయకి చెప్పాల్సిన మాటను మళ్లీ ఒకసారి లోలోపల అనుకుంది.

“పంకజాక్షీ, ఇదే ఆఖరు. సర్వే అయిపోయింది.”

చిన్న మాటే. తిరుపతిలో బస్సెక్కినప్పటి నుంచీ అనుకుంటూనే ఉంది. 

ఒకప్పుడు ఈ దారిన మెడికల్ కాలేజీ జీపులో వచ్చేది. వెంట విద్యార్థులు, ఒక నర్సు, దారి పొడుగునా నవ్వులు. ఐరాల చుట్టుపక్కల పల్లెల్లో ఆ ఏడు పుట్టిన బిడ్డలందర్నీ తూచారు. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి రక్తం తక్కువైతే బిడ్డ ఎదుగుదల ఎన్నాళ్ల దాకా దెబ్బతింటుంది? ఆ ఒక్క ప్రశ్న వెంటే ఆమె ఉద్యోగమంతా నడిచింది. ప్రొఫెసరయింది. బాలింతల మరణాల గురించి ఢిల్లీలో మాట్లాడింది, జెనీవాలో మాట్లాడింది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా వాయిదా వేసింది. కొన్నాళ్లకి ఆ మాట ఎత్తేవాళ్లు లేకుండా పోయారు.

తిరుచానూరు గుళ్లో కైంకర్యం చేసిన నాన్నగారు పోయారు. తను రిటైరయింది. కాలేజీ నుంచి వచ్చే ఫోన్లు తగ్గాయి, తర్వాత పండగ మెసేజీలూ తగ్గాయి. ఫ్లాట్‌లో పొద్దున వండిన గుప్పెడన్నం రాత్రికీ మిగులుతుంది. పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండానే పొద్దుగూకిన రోజులున్నాయి. లోను కావాలా అని ఫోన్ చేసే అమ్మాయిని కూడా, “మీదే ఊరమ్మా?” అని అడుగుతుంది. ఆ అమ్మాయి ఊరి పేరు చెప్పకుండానే పెట్టేస్తుంది.

ఆటో దిగేసరికి పంకజాక్షి వీధి మొగదల్లోనే నిలబడి ఉంది. చేతిలో సంచి అందుకుంది.

“రాండి మేడం, రాండి. ఇంత ఎండలో వచ్చినారు. ముందు నీళ్లు తాగండి.”

“లోహిత ఉందా?”

“చిత్తూర్లో హాస్టల్లో ఉంటే నిన్ననే పిలిపించినాను. మీరొచ్చే రోజు అది లేకుంటే ఎట్ల?”

లోహిత లోపల్నుంచి పరుగున వచ్చింది. మనిషి బాగా పొడుగు. పుట్టినప్పుడు రెండు కిలోలు కూడా లేదు. ఏడ్చే ఓపిక కూడా లేని ఆ పిల్లను చేతిలోకి తీసుకుని, ఇది ఏడాది దాటదని రంగనాయకి మనసులో అనుకుంది. అయినా బిడ్డను రొమ్ముకు ఆనించుకుని పైన చీర చుట్టుకోమని పంకజాక్షికి చూపించింది. స్నానానికి తప్ప పంకజాక్షి నెలంతా ఆ కట్టు విప్పలేదు.

లోహిత చెప్పులు విడిచి మిషనెక్కింది. రంగనాయకి కళ్లద్దాలు సర్దుకుని బరువు చూసింది. గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచింది. నిరుటికీ ఇప్పటికీ తేడా లేదు. కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగానే ఉంది.

“పొద్దున ఏం తిన్నావు? నిన్న రాత్రి? ఆకుకూర తింటున్నావా?”

ఈ ప్రశ్నలన్నీ లోహితకి కంఠతా వచ్చు. అయినా కొత్తగా విన్నట్టు, ఒక్కోదానికీ ఆలోచించి జవాబు చెప్పింది.

“ఇంక ఎవురింటికన్నా పోవాల్నా మేడం?” అని వంటింట్లోంచి అడిగింది పంకజాక్షి.

“లేదమ్మా. ఇవాళ్టికి మీ ఇల్లొక్కటే.”

“అట్లయితే నిదానంగా తినండి.”

రాగిసంగటి, శనక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. మొదట్లో రంగనాయకి ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా పుచ్చుకునేది కాదు. ఎప్పుడు తినడం మొదలుపెట్టిందో ఆమెకే గుర్తు లేదు. పంకజాక్షి ఎదురుగా కూర్చుని, ఆమె చాలన్నా వినకుండా ఇంకో ముద్ద వేసింది.

“పాపకు శ్రీసిటీలో కంపెనీ ఉద్యోగమొచ్చింది మేడం. వచ్చే నెల చేరతాది. వాళ్ల నాయనకు ఒగటే దిగులు, అంత దూరం యాడ పంపేదని.”

“పంపండి. బాగుంటుంది,” అంది రంగనాయకి. సంతోషంగానే అంది. అన్నాక సంగటి ముద్దను పళ్లెంలో అటూ ఇటూ దొర్లించింది.

లోహితకి పద్దెనిమిది నిండాయి. ఇది పిల్లల సర్వే అని, పద్దెనిమిదేళ్ల వరకేనని ఈ ఇంట్లో చెప్పింది తనే. ఇప్పుడు పిల్ల ఈ చుట్టుపక్కలే ఉండదు. ఇంక ఏమని చెప్పి ఈ గడప ఎక్కుతుంది?

చెయ్యి కడుక్కుంది. మిషను సంచిలో పెట్టి జిప్పు లాగింది. మళ్లీ తీసి, మళ్లీ లాగింది. పంకజాక్షి మామిడిపళ్లు కవర్లో వేస్తోంది. పెద్దవి ఏరి ఏరి వేస్తోంది.

“పంకజాక్షీ...”

“చెప్పండి మేడం.”

“ఇదే ఆఖరమ్మా. లోహిత పెద్దదైపోయింది కదా. సర్వే అయిపోయింది. ఇంక నేను రావాల్సిన పని లేదు.”

తల్లి మొహంలోకి చూసింది లోహిత. పంకజాక్షి తలెత్తకుండా కవరుకి ముడి వేసింది. లేచి వచ్చి, దాన్ని రంగనాయకి చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండానే అంది:

“మీ సర్వే నిలిచిపోయిందని ఈ పిల్ల రెండో తరగతిలో ఉన్నప్పుడే కాలేజీ ఆఫీసోళ్లు వచ్చి చెప్పిపోయినారు గదా మేడం, ఆ మాట ఇడిసిపెట్టి వచ్చే ఏడు ఎప్పుడొస్తారో చెప్పండి.”