ఎదురు బండిలో వచ్చినవాడు

బండి కదలడం లేదు.

పుత్తూరు దాటాక ఒక చిన్న స్టేషన్లో తిరుపతి లోకల్ ఎంతసేపటి నుంచో పడి ఉంది. సిగ్నల్ లేదంట అని ఒకరు, ముందర గూడ్సు పడిపోయిందంట అని ఇంకొకరు. స్టేషన్ మాస్టర్ ఫోను చెవికి అంటించుకుని గదిలోంచి బయటికే రావడం లేదు.

గుణశేఖర్ భార్య పవిత్రకు నెలలు నిండాయి. తిరుపతి ఆసుపత్రికని బయల్దేరితే దారిలోనే నొప్పులు మొదలయ్యాయి. రైలు పెట్టెలో ఊపిరాడటం లేదని ఆడవాళ్లు ఆమెను దించి, ప్లాట్‌ఫాం మీద దుప్పటి పరిచి పడుకోబెట్టారు. వాళ్లలో కాన్పులు చేసి చేయి తిరిగిన చంద్రకాంతమ్మ గుణశేఖర్‌ను పక్కకు పిలిచింది.

"బిడ్డ అడ్డం తిరిగుండాదబ్బా. ఆపరేషన్ చేయల్ల. ఈడ నా వల్ల కాదు."

అంబులెన్సుకు ఫోన్ చేస్తే, వానకు వాగు పొంగింది, ఈ పక్కకు రాలేమన్నారు. ఇక దిక్కు ఈ రైలే. గుణశేఖర్‌కు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవడి మీద చూపాలో తెలీక పెట్టెను కాలితో తన్నాడు.

అప్పుడే ఎదురు లైన్లో అరక్కోణం పోయే బండి ఆగింది. భుజాన సంచి వేసుకున్న మనిషొకడు దూకి, పట్టాలు దాటి, జనాన్ని తోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఆ పరుగులో పవిత్ర కాలు తొక్కాడు. ఆమె కెవ్వుమంది. వాడు వెనక్కి కూడా చూడలేదు.

గుణశేఖర్ వాడి కాలర్ పట్టుకున్నాడు.

"కండ్లు యాడ పెట్టుకున్నావురా?"

"ఇడువన్నా, నేను అర్జెంటుగా పోవల్ల..."

"నీకొక్కడికేనా అర్జెంటు?"

మూతి మీద ఒక్క గుద్దు గుద్దాడు. పళ్లు రాలాయి.

రోజూ ఆలస్యాలు భరించే సీజన్ టికెట్ల వాళ్లకు అంతే చాలింది. "ఏయండప్పా నాకొడుకును!" అంటూ మీదపడ్డారు. కాళ్లతో, టిఫిన్ క్యారియర్లతో, దొరికినదానితో కొట్టారు. వాడు రక్తం కారే నోటితో ఏదో గొణుగుతూ చెయ్యెత్తి ముందుకు చూపించబోయాడు. తనను కొట్టబోతున్నాడనుకుని గుణశేఖర్ ఆ చెయ్యి పట్టి వెనక్కి మెలిపెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. అయినా వదల్లేదు. రెండో చెయ్యి బూటుకాలితో తొక్కాడు. నిజం చెప్పాలంటే, ప్రాణానికి హాయిగా అనిపించింది.

గోల విని స్టేషన్ మాస్టర్ పరుగున వచ్చాడు. కింద పడున్న మనిషిని చూసి తల పట్టుకున్నాడు.

"ఎంత పని చేస్తిరప్పా! డ్యూటీ టైమైపోయిందని మన డ్రైవర్ దిగిపోతే, ఈ బండి తోలేదానికి ఇంటికాడి నుంచి పిలిపించింది ఈయన్నే గదా!"