షెడ్డు పక్కన పొగ

కీర్తన పాట మధ్యలో ఆపి దగ్గింది.

"మళ్లీ మొదలెట్టాడు ఆ తాత!" తేజేష్ విసుగ్గా గిటార్ పక్కన పెట్టాడు.

నాచారంలో మూతపడ్డ ఫ్యాక్టరీ అది. తేజేష్ నాన్న గిరిప్రసాద్ దానికి మేనేజరు. ఆ చనువుతోనే ముగ్గురూ రోజూ సాయంత్రం ఐదింటికి వెనక రేకుల షెడ్డులో చేరేవారు. వాళ్లదో చిన్న బ్యాండు.

డప్పు కొట్టే దుర్గేష్ విసురుగా బయటికొచ్చాడు. కాపలా తాత అట్టముక్కలు వేసిన మంట ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఓ తాతా! పొగకు ఆ పిల్ల పాడలేకపోతుంది. రోజూ ఏంది నీ లొల్లి?"

"ముసురు వట్టింది గద బిడ్డా. జర సెగ లేకుంటే..."

"సలైతే దుప్పటి కప్పుకో!"

దుర్గేష్ మంటను కాలితో తన్నాడు. తాత చెల్లాచెదరైన నిప్పుల్ని పుల్లతో దగ్గరికి లాక్కున్నాడు.

ఆ రోజుల్లో దుర్గేష్ అంతే. పదిహేడేళ్లు. ఎవరేమన్నా భగ్గుమనేవాడు. ఇంటర్ తప్పాడు. అటక మీద దాచిన డప్పు దించాడని నాన్న కొమురెల్లి బెల్టుతో వాతలు తేలేలా కొట్టాడు.

"సావులకు, సాటింపులకు కొట్టి కొట్టి, దీన్ని ఇడిసిపెట్టాలనే పట్నమొచ్చిన. మల్ల నువ్వు పట్టుకుంటవారా?"

"ఆదివారం ఉప్పల్ల పోటీ ఉంది నాయినా. ఓడిపోతే నువ్వు జెప్పిన కంపెనీల చేరుత. మల్ల దీన్ని ముట్ట."

"మాట మీదుండు."

ఇంటికి తేలేక డప్పును షెడ్డులోనే ఉంచేవాడు. తాళంచెవి తాత దగ్గరుండేది. ఎవరూ నేర్పకపోయినా, దుర్గేష్ వచ్చి దెబ్బ వేయగానే రేకులు అదిరిపోయేవి. అంతా తన చేతి మహిమే అనుకుని మురిసిపోయేవాడు.

పొగ సంగతి తేజేష్ తన నాన్నకు చెప్పాడు. శనివారం ప్రాక్టీసు అయ్యేసరికి తాత ఉద్యోగం ఊడింది.

"ఓ మాట బిడ్డా," అన్నాడు తాత మూట చంకన పెట్టుకుని.

దుర్గేష్ ఆగలేదు. పీడ విరగడైందనుకున్నాడు.

ఆదివారం తెల్లారినప్పటి నుంచీ ముసురే. ఉప్పల్ ఫంక్షన్ హాలు నిండిపోయింది. దుర్గేష్ స్టేజీ మీద మొదటి దెబ్బ వేశాడు.

తప్.

ఇంకా గట్టిగా వేశాడు. తడిసిన గోనెసంచిని కొట్టినట్టుంది. జనం నవ్వారు. కీర్తన పాట తప్పింది. బ్యాండు ఓడిపోయింది.

హాలు చివర నిలబడి చూసిన కొమురెల్లి దగ్గరికొచ్చి, డప్పు తోలును బొటనవేలితో నొక్కాడు.

"కాగబెట్టలేదా?"

"కాగబెట్టుడేంది నాయినా?"

"గింత ముసుర్ల నిప్పుల సెగ సూపకుంటే తోలు మోగుతదారా? ఇన్నొద్దులు ఎవరు కాగబెట్టిన్రు?"

దుర్గేష్ వానలో తడుస్తూ నాచారం పరుగెత్తాడు. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ కూర్చున్నాడు.

"ఆ ముసలోడా? నిన్ననే పోయిండు. నాకు తాళంచెవి ఇచ్చుకుంట, 'పిల్లలు ఐదింటికొస్తరు. గంతకుముందే డప్పు కాగబెట్టి లోపల పెట్టు' అన్నడు. పిచ్చోడనుకున్న."

దుర్గేష్ అక్కడే కూలబడి ఏడ్చాడు.

సోమవారం కొమురెల్లి కొడుకును కంపెనీకి తీసుకుపోలేదు. ఇద్దరూ కలిసి పీర్జాదిగూడ, దమ్మాయిగూడ అంతా గాలించారు. తాత జాడ దొరకలేదు. డప్పును మాత్రం కొమురెల్లి మళ్లీ వద్దనలేదు.

ఆరేళ్లకు తెలంగాణ వచ్చింది. సంబరాల వేదిక మీద దుర్గేష్ డప్పు మోగుతుంటే వేలమంది లేచి ఊగిపోయారు. దిగగానే టీవీ అమ్మాయి మైకు పెట్టింది.

"సార్, మీ గురువుగారి పేరు చెప్పండి!"

దుర్గేష్‌కు గురువైతే ఉన్నాడు, ఆయన పేరే తను ఏనాడూ అడగలేదు.