గడిలో పద్దెనిమిది గీతలు

"కోర్టు తాలూకు మనిషైతే ఆవిడతోనే మాట్లాడుకోండి," అంది తలుపు తీసిన అమ్మాయి. పదిహేడేళ్లుంటాయేమో. కన్నతల్లిని ఆవిడ అంటోంది.

లోపల కుట్టుమిషను ఆగింది. "రండి సార్. జుట్టంతా తెల్లబడిపోయిందే."

వేలిముద్రల సారు కూర్చున్నారు. ఉద్యోగం వదిలినా ఆ సీసా ఆయన్ని వదల్లేదు. పన్నెండేళ్ల కిందట ఈమె భర్త తాగిన గ్లాసులో ఎలుకల మందు కలిసింది. మందు సీసా మీద దొరికింది సగం ముద్ర; ఫలానావాళ్లదని తేల్చడానికి చాలదు. పోలీసులు అనుమానించింది ఇద్దరిని, మరిదిని, ఈమెను. ఆడో మగో చెబితే చాలన్నారు. మగవాళ్ల వేలిగీతలు లావు, ఆడవాళ్లవి సన్నం. గోరంత గడి గీసి లెక్కపెడితే, మగవాళ్లకు పడేవాటికంటే ఎక్కువగా, పద్దెనిమిది గీతలు పడ్డాయి. ఆడమనిషేనని బోనెక్కి చెప్పి వచ్చారాయన. ఈమెకు పదేళ్లు జైల్లో గడిచాయి.

"పీలగా ఉండే మగవాళ్లకీ పద్దెనిమిది పడొచ్చమ్మా. ఈమధ్యే కళ్లారా చూశాను. మీ మరిది పీలమనిషి. కేసు తిరగదోడమని అర్జీ రాశాను."

"అప్పుడంత గట్టిగా చెప్పి, ఇప్పుడు నాలిక మడతేస్తే ఎలా సార్?" నవ్వుతూనే ఆమె గుమ్మం వైపు చూసింది. అమ్మాయి చెప్పులు వేసుకుంటోంది. "కాస్త మెల్లగా."

"ఆ పిల్లకైనా తెలియాలిగా. మిమ్మల్ని చూస్తే మొహం తిప్పుకుంటోంది."

"తిప్పుకోనివ్వండి. కంటినిండా నిద్రపోతోంది, నాకదే చాలు. ఏదీ, ఆ కాగితం ఇటివ్వండి."

ఇచ్చారు. చదవకుండానే కత్తెరతో నిలువునా కోసేసింది.

సారు ఆ ముక్కలు ఏరుకున్నారు. "మరిదికి భయపడుతున్నారా?" అన్నారు.

"పాపం, చీమకైనా హాని చేసే మనిషి కాదు."

"మరి మీరే చేశారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. బయట గేటు పడిన చప్పుడైంది. అడుగులు వీధి మలుపు తిరిగి వినిపించకుండా పోయేదాకా ఆగింది.

"పసిపిల్లల గీతలు సన్నగా ఉండవా సార్?"